నా దయ్యం చేతికి వాచీ ఉంది: కోర్సు కోసం హారర్ షార్ట్ ఫిల్మ్ తీయడం, దాని మీద రాయడం

నా మొదటి హారర్ సినిమాలో దయ్యం బయటికి రాగానే క్లాసంతా పగలబడి నవ్వింది. అయిదు నిమిషాల సినిమా. నాలుగో నిమిషం దాకా అందరూ కిక్కురుమనకుండా చూశారు. బట్టల బీరువా తలుపు తెరుచుకుంది. జుట్టు విరబోసుకుని, మొహానికి తెల్లగా పౌడరు దట్టించుకున్న నా స్నేహితురాలు అందులోంచి వచ్చింది. వెనక బెంచీలోంచి ఎవరో "వాచీ!" అన్నారు. అంతే. దయ్యం ఎడమ చేతికి వాచీ ఉంది. 14 టేకులు తీశాం, మూడు వారాలు ఎడిట్ చేశాం, మాలో ఒక్కరికీ అది కనబడలేదు.

విచిత్రమేమిటంటే ఆ సినిమాకే నాకు మంచి మార్కులు వచ్చాయి. ఆ నవ్వు ఎక్కడ మొదలైందో, ఎందుకు మొదలైందో, తర్వాత నేనేం మార్చానో సెకన్లతో సహా రాసిపెట్టుకున్నాను కాబట్టి. ఇప్పుడు ఎడిటింగ్ నా వృత్తి. మీడియా కోర్సుకి హారర్ తీసే పిల్లలు ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఏ కెమెరా వాడాలి?" అని అడుగుతారు. మీ ఫోన్ చాలు. దానికన్నా ముందు ఒక నోటు పుస్తకం తెచ్చుకోండి. మొదటి రోజు నుంచీ తేదీ వేసి, ఏం అనుకున్నారో, ఏం మార్చారో, ఎందుకు మార్చారో రెండు ముక్కలు రాయండి. చివర్లో కోర్సుకి రాయాల్సిన మూల్యాంకనం, అంటే మీ సినిమాని మీరే బేరీజు వేసుకునే వ్యాసం, సగం అందులోనే తయారవుతుంది. సినిమా అయిపోయాక గుర్తు తెచ్చుకుని రాద్దామనుకుంటే గుర్తొచ్చేది అలసట ఒక్కటే.

కథ చిన్నదిగా అనుకోండి. ఒక గది, ఒక మనిషి, ఒక నియమం. మా సినిమాలో నియమం ఇది: లైటు ఆర్పినప్పుడల్లా బీరువాలోంచి మూడుసార్లు తట్టిన చప్పుడు వస్తుంది, లైటు వేస్తే ఆగిపోతుంది. పరీక్షకు చదువుకుంటున్న అమ్మాయి మొదట భయపడుతుంది, తర్వాత విసుక్కుంటుంది, చివరికి సరదా పుట్టి తనూ తిరిగి మూడుసార్లు తడుతుంది. నియమం ఒకటి తెలిస్తే చాలు, చూసేవాళ్లు మనకన్నా ముందు పరిగెడతారు. ఆమె చెయ్యి స్విచ్చి దగ్గరికి వెళ్తుంటేనే ఊపిరి బిగబడతారు. అదే పాత శాపమనో, చనిపోయిన అక్క పగ అనో పెట్టుకున్నారనుకోండి, దాన్ని వివరించడానికి డైలాగులు కావాలి, డైలాగులు చెప్పడానికి నటులు కావాలి. మన దగ్గర ఉన్నది స్నేహితులు.

స్క్రిప్టులో పేజీకి ఒక నిమిషం అని లెక్క చెబుతారు. హారర్‌లో ఆ లెక్క నమ్ముకుంటే మునిగిపోతారు. "ఆమె మెల్లగా బీరువా దగ్గరికి నడిచింది" అన్న ఒక్క వాక్యం తెర మీద 40 సెకన్లు తినేస్తుంది. స్టాప్‌వాచీ పెట్టుకుని మీరే ఆ గదిలో నడిచి చూడండి. మా స్క్రిప్టు రెండున్నర పేజీలే, నడిస్తే ఏడు నిమిషాలు దాటింది. కోర్సువాళ్లు ఇచ్చిన పరిమితి అయిదు. షూటింగ్‌కి ముందే ఒక సీను కొట్టేశాం, బతికిపోయాం.

తెలుగులో మనకి మంచి మాటలున్నాయి: ఉలికిపాటు వేరు, ఉత్కంఠ వేరు, భయం వేరు. స్క్రిప్టు పక్కన మార్జిన్‌లో ప్రతి సీనుకీ ఈ మూడింట్లో ఏది కావాలో రాసుకోండి. మొదటి రెంటికీ తేడా సైకో తీసిన దర్శకుడు హిచ్‌కాక్ చెప్పినంత తేటగా ఇంకెవరూ చెప్పలేదు. ఫ్రెంచ్ దర్శకుడు త్రూఫోతో మాట్లాడుతూ ఆయన ఇచ్చిన ఉదాహరణ బల్ల కింద బాంబు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఉన్నట్టుండి బాంబు పేలితే ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల ఆశ్చర్యం. బాంబు ఉన్న సంగతి ప్రేక్షకుడికి ముందే తెలిసి, ఆ ఇద్దరికీ తెలియకపోతే 15 నిమిషాల ఉత్కంఠ. మీ కథలో బల్ల ఏది, బాంబు ఏది, దాని సంగతి ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది? ఈ మూడూ తేలకుండా కెమెరా ముట్టుకోవద్దు.

ఇక వెలుతురు. చీకట్లో తీయకండి, చీకటిగా కనబడేలా తీయండి. నిజంగా లైట్లార్పి తీస్తే ఫోను ఐఎస్ఓని, అంటే తక్కువ వెలుతురుని పెంచి చూపే అమరికని, అమాంతం పెంచేస్తుంది, బొమ్మంతా ఇసుక చల్లినట్టు చుక్కలు పడుతుంది. పైగా ఆటో ఫోకస్ దారి తప్పిన పిల్లాడిలా ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. ఒక టేబుల్ లాంప్ తీసుకుని మనిషికి ఒక పక్కగా పెట్టండి, మొహంలో సగమే వెలగాలి. మనిషిని గోడకి ఆనించి నిలబెట్టొద్దు, వీలైనంత ముందుకి లాగండి. దూరం రెట్టింపైతే పడే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది కాబట్టి, లాంపు మనిషికి దగ్గరగా, గోడకి దూరంగా ఉంటే గోడ దానంతటదే చీకట్లో కలిసిపోతుంది. తెల్లగోడల గది అయితే వెలుతురు అన్ని వైపులా తిరిగి కొడుతుంది, కెమెరాకి కనబడని గోడ మీద నల్ల దుప్పటి వేలాడదీయండి. ఎక్స్‌పోజరు (బొమ్మ ఎంత వెలుతురుగా ఉండాలో), ఫోకసు, వైట్ బ్యాలెన్సు (రంగులు ఎలా కనబడాలో) మూడూ లాక్ చేసుకోండి. సెకనుకి 25 ఫ్రేములైతే షట్టరు వేగం 1/50 సెకను. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట లైట్లు రెపరెపలాడకుండా కూడా అదే కాపాడుతుంది. 60 హెర్ట్జ్ ఉన్నచోట 30 ఫ్రేములు, 1/60.

ఫ్రేములో ఒక పక్క ఖాళీ వదలండి. అమ్మాయిని ఎడమ అంచున కూర్చోబెట్టి కుడివైపంతా చీకటి ఉంచితే, చూసేవాళ్ల కళ్లు ఆ చీకటినే వెతుకుతాయి. అక్కడ ఏమీ పెట్టనక్కర్లేదు, తాడును పాముగా చేసుకునే పని వాళ్లే చూసుకుంటారు. ఒక్క హెచ్చరిక: మీ లాప్‌టాప్‌లో నల్లగా, అందంగా కనబడిన నీడలు క్లాసు ప్రొజెక్టరు మీద తారు పూసినట్టు అయిపోవచ్చు, కిటికీ తెరలు సరిగా వేయకపోతే బూడిద రంగుకీ తిరగొచ్చు. ఎక్కడ చూపిస్తారో ఆ గదిలో ఒక నిమిషం క్లిప్ ముందే వేసి చూసుకోండి.

షూటింగ్ రోజు జాగ్రత్తలు మూడే చెబుతాను. కత్తి, తుపాకీ లాంటి బొమ్మలతో బయట తిరగొద్దు, అరుపుల సీను ఉంటే పక్కింటివాళ్లకి ముందే చెప్పండి. నటిస్తున్నవాళ్లకి ఏ షాటులో ఏం జరుగుతుందో పూర్తిగా చెప్పి, ఒప్పుకున్నాకే తీయండి. "నిజమైన భయం రావాలి" అని చెప్పకుండా వెనక నుంచి అరవడం దర్శకత్వం కిందికి రాదు. రెండోసారి వాళ్లు మిమ్మల్ని నమ్మరు, మొహంలో మీకు దొరికేది కోపం.

శబ్దం దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే పిల్లల సినిమాలు నూటికి తొంభై ఇక్కడే పోతాయి. (నూటికి తొంభై అనేది నా చిరాకు, లెక్క కాదు.) బొమ్మ కాస్త మసకగా ఉన్నా హారర్ కదా అని సరిపెట్టుకుంటారు. డైలాగు వెనక ఫ్యాను మోత ఉంటే ఏ దయ్యమూ నిలబడదు. తీసే ముందు ఫ్యాను ఆపండి, ఫ్రిజ్ ఆపండి. ఫ్రిజ్ ఆపినప్పుడు మీ ఇంటి తాళంచెవి అందులో పెట్టండి. వెళ్లేటప్పుడు తాళంచెవి కోసం ఫ్రిజ్ తెరవక తప్పదు, మళ్లీ ఆన్ చేయడం మర్చిపోరు. ఇది సెట్ల మీద పాత చిట్కానే.

ప్రతి గదిలోనూ ఎవరూ కదలకుండా 30 సెకన్లు ఊరికే రికార్డు చేయండి. దీన్ని రూమ్ టోన్ అంటారు. నిశ్శబ్దమంటే ఏమీ లేకపోవడం కాదని అప్పుడు తెలుస్తుంది, ప్రతి గదికీ తన హుం, అంటే సన్నని మోత, ఒకటి ఉంటుంది. ఎడిటింగ్‌లో రెండు షాట్ల మధ్య శబ్దం పూర్తిగా తెగిపోతే, వినేవాళ్లకి కారణం తెలియకపోయినా ఏదో పోయినట్టు చెవికి అందుతుంది. టోన్ పరిచేస్తే అతుకు కనబడదు. ఇక భయపెట్టాల్సిన చోట ఆ టోన్‌నే మెల్లగా తగ్గిస్తూ పోండి. మా సినిమాలో లైటు ఆరిన తర్వాత నాలుగు సెకన్లలో గది హుం మొత్తం తీసేశాను. సంగీతం ఒక్క స్వరం కూడా లేదు. అయినా జనం ముందుకి వంగారు.

బీరువా చప్పుడుని షూటింగ్‌లో పట్టుకోవడానికి ప్రయత్నించకండి. తర్వాత విడిగా రికార్డు చేయండి. మేం వేళ్ల కణుపులతో తలుపు మీద, బల్ల మీద, పుస్తకం అట్ట మీద, ఖాళీ పెట్టె మీద తట్టి చూశాం. అసలు బీరువా రేకు చప్పుడు పెంకులా మోగింది, నవ్వొచ్చింది. చెక్కబల్ల మీద తట్టి, దాని వేగం సగానికి తగ్గిస్తే లోపల ఏదో బరువైనది ఉన్నట్టు వినబడింది. మిక్స్ చేశాక హెడ్‌ఫోన్స్‌లోనూ వినండి, ఫోను స్పీకర్లోనూ వినండి. లోతైన, గంభీరమైన మోతలు ఫోను స్పీకర్లలో అసలు పలకవు. మీ భయమంతా వాటి మీదే కట్టారంటే, చూసేవాళ్లలో సగం మందికి అది లేనట్టే.

ఉలికిపాటు కావాలంటే ఒక పాత పాఠం ఉంది. 1942లో వచ్చిన క్యాట్ పీపుల్ సినిమాలో రాత్రి ఒంటరిగా నడుస్తున్న ఒకామెను ఏదో వెంబడిస్తున్నట్టుంటుంది. మనం మృగం దూకుతుందని బిగుసుకుని ఉండగా బుస్సుమని పెద్ద చప్పుడొస్తుంది. చూస్తే అది వచ్చి ఆగిన బస్సు. నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఆ ఎత్తుగడని ఇప్పటికీ "లూటన్ బస్సు" అనే పిలుస్తారు. గమనించండి, పని చేసింది బస్సు చప్పుడు కాదు, దానికి ముందున్న అడుగుల చప్పుళ్లు, అవి ఆగిపోవడం. మీరు అయిదు నిమిషాల్లో ఇలాంటిది ఒకటి వాడుకోవచ్చు. రెండోసారికి ప్రేక్షకుడు చెవులు మూసుకుని కూర్చుంటాడు, మూడోసారికి ఫోను తీస్తాడు.

సంగీతం ఎక్కడి నుంచి తెచ్చినా దాని లైసెన్సు ఏమిటో, చేసినవాళ్ల పేరు ఏమిటో అదే రోజు నోటు పుస్తకంలో రాయండి. సబ్మిషన్ ముందు రాత్రి వెతికితే దొరకదు.

ఇక ఎడిటింగ్. మొదటి కూర్పు అయ్యాక రెండు రోజులు ఫైలు ముట్టుకోకండి. తర్వాత ఒక్కసారి ఆపకుండా చూడండి. పాత కూర్పులు చెరిపేయొద్దు, ఒక్కోదానికి నంబరు, తేదీ వేసి దాచండి. వాటితో తర్వాత పనుంది. నా మొదటి కూర్పులో దయ్యం తెర మీద 11 సెకన్లు ఉంది. 11 సెకన్లంటే వాచీ చూడ్డానికి, పౌడరు చూడ్డానికి, ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటోందని కనిపెట్టడానికి కావలసినంత సమయం. నవ్వులపాలయ్యాక ముందు దాన్ని 11 ఫ్రేములకి కోశాను, అంటే అర సెకను లోపు. వాచీ పోయింది, భయం మాత్రం రాలేదు. చివరికి దయ్యాన్ని మొత్తం తీసేశాను. తలుపు రెండు అంగుళాలు తెరుచుకుంటుంది, లోపల వేలాడే బట్టలు తప్ప ఏమీ లేదు. అప్పుడు తట్టిన చప్పుడు వస్తుంది, బీరువాలోంచి కాదు, గదికి రెండో వైపు నుంచి. పౌడరు ఖర్చంతా వృథా. నా స్నేహితురాలు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ రెండో కూర్పు మేలని నేను అనుకుంటే చాలదు. చూపించాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు: స్నేహితులని కూర్చోబెట్టి, వాళ్లతోపాటు తెర కేసి చూసి, చివర్లో "భయమేసిందా?" అని అడుగుతారు. "ఆఁ, వేసింది" అంటారు, ఇంకేమంటారు? సినిమా గురించి ఏమీ తెలియని ఆరుగురిని పిలవండి. మీరు తెర పక్కన, వాళ్ల మొహాలు కనబడేలా కూర్చోండి. చేతిలో సినిమా టైము కనబడే ఫోను, నోటు పుస్తకం. ఎవరు ఎప్పుడు ముందుకి వంగారు, ఎప్పుడు కుర్చీలో సర్దుకున్నారు, ఎప్పుడు పక్కవాళ్ల కేసి చూశారు, ఎప్పుడు నవ్వారు, అన్నీ నిమిషం, సెకనుతో రాయండి. పక్కవాళ్ల కేసి చూడటం అంటే పట్టు తప్పిందని నా అనుభవం. నవ్వులు రెండు రకాలు: ఉలిక్కిపడ్డాక తేలికపడి నవ్వేది మంచి నవ్వు, దయ్యాన్ని చూసి నవ్వేది వాచీ నవ్వు. రాసేటప్పుడు విడివిడిగా గుర్తు పెట్టుకోండి.

అయిపోయాక మూడే ప్రశ్నలు. "కథ నాకు చెప్పండి." "ఏ క్షణంలో లేచి వెళ్లిపోవాలనిపించింది?" "చివర్లో ఏం జరిగిందనుకుంటున్నారు?" వాళ్లు తప్పుగా చెబుతుంటే సరిదిద్దొద్దు, నోరు నొక్కుకుని రాసుకోండి. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. ఒకతను మా సినిమా చివర "అంతా కల" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తర్వాత చూస్తే, రెండో నిమిషంలో ఆ అమ్మాయి పుస్తకం మీద తల వాల్చిన షాటు ఒకటి ఉంది. అలసట చూపిద్దామని పెట్టాను, అతనికి నిద్రపోయినట్టు కనబడింది. తప్పు అతనిది కాదు. షాటు తీసేశాను.

ఇప్పుడు మూల్యాంకనం. పదిమందిలో ఎనిమిది మంది రాసేది కథ: మొదట ఇది జరుగుతుంది, తర్వాత ఇది. చదివేవాళ్లు సినిమా చూశారు, మళ్లీ చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు ఇలా రాస్తారు: "మేము లో-కీ లైటింగ్ వాడి భయానకమైన వాతావరణం సృష్టించాము." లో-కీ అంటే నీడలు ఎక్కువగా ఉండే వెలుతురు. ఇందులో ఒక్క ఆధారమూ లేదు. ఈ వాక్యం ఏ సినిమా కిందైనా అతికించుకోవచ్చు, అదే దాని జబ్బు. నేను రాసింది చూడండి: "1:52 దగ్గర లాంపు ఎడమవైపు ఉండటంతో ఫ్రేములో కుడి సగం పూర్తిగా నల్లగా ఉంది. చూసిన ఆరుగురిలో నలుగురి చూపు ఆ నలుపు మీదికి వెళ్లింది, తర్వాత అడిగితే ఇద్దరు అక్కడ ఎవరో నిలబడి ఉన్నారని చెప్పారు. అక్కడ ఎవరూ లేరు. అందుకే 3:40 దగ్గర కూడా అదే ఫ్రేము మళ్లీ వాడాము." ఎక్కడ, ఏం చేశాం, చూసినవాళ్లకి ఏమైంది, దాన్ని బట్టి ఏం మార్చాం. ఈ నాలుగూ ఉన్న పేరా ఒక్కటి, ఉత్త విశేషణాలున్న పేజీ కన్నా బరువు.

సిద్ధాంతాలు కొన్ని కోర్సుల్లో తప్పనిసరి. పేర్లన్నీ కుప్పగా పోయకండి. మీ సినిమాకి నిజంగా పని చేసేవి రెండు తీసుకోండి. నాకు మొదటిది సినిమా పండితుడు స్టీవ్ నీల్ మాట: జానర్ (హారర్ లాంటి సినిమా రకం) అంటే పునరావృతం, తేడా రెండూ కలిసినది. తలుపు, చీకటి, ఒంటరి అమ్మాయి పునరావృతం. బీరువాలో ఏమీ లేకపోవడం తేడా. మొదటి కూర్పులో పునరావృతం తప్ప ఏమీ లేదు, అందుకే నవ్వారు అని రాశాను. రెండోది సినిమా పండితురాలు కారోల్ క్లోవర్ 1987లో రాసిన వ్యాసంలో పెట్టిన "ఫైనల్ గర్ల్" అన్న పేరు. స్లాషర్ సినిమాల్లో, అంటే హంతకుడు ఒక్కొక్కరినీ చంపుతూ పోయే సినిమాల్లో, అందరూ పోయాక మిగిలి, హంతకుడిని ఎదుర్కొనే అమ్మాయి. మా కథలో ఇంకెవరూ లేరు కాబట్టి మా అమ్మాయి ఆ మూసలో ఇమడదు. ఇమడదని రాయడానికి భయపడకండి. ఇమడనిచోటే చెప్పడానికి ఏదైనా ఉంటుంది. చూసినవాళ్లలో ఒకావిడ అడిగింది: "ఆ పిల్ల తిరిగి తట్టకపోతే ఏమీ అయ్యేది కాదుగా?" అంటే మా సినిమా కుతూహలానికి శిక్ష వేసింది, అదీ ఒక అమ్మాయికి. మేం అలా అనుకోలేదు, కానీ తెర మీద ఉన్నది అదే. ఆ ప్రశ్న మీద ఒక పేజీ రాశాను. నా వ్యాసంలో బలమైన పేజీ అదేనని మా టీచరు అన్నారు.

పొగుడుకోవద్దు, తిట్టుకోవద్దు కూడా. "మాకు సమయం లేదు, కెమెరా బాగాలేదు" అని రాసే పిల్లలు చాలామంది. అది ఫిర్యాదు. సమయం లేకపోవడం వల్ల ఏ షాటు వదిలేశారు, దాని బదులు ఏం పెట్టారు, అది పని చేసిందా? అప్పుడది మూల్యాంకనం. పాత కూర్పులు దాచమన్నది ఇందుకే: 11 సెకన్ల దయ్యం, 11 ఫ్రేముల దయ్యం, అసలు లేని దయ్యం, మూడింటి నుంచీ ఒక్కో ఫ్రేము తీసి పక్కపక్కన పెట్టాను. మనసు మార్చుకోవడం సిగ్గుపడే విషయమేమీ కాదు. సైకోలో షవర్ సీనుకి హిచ్‌కాక్ మొదట సంగీతమే వద్దనుకున్నాడు, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ చేసినది విన్నాక మార్చుకున్నాడు.

చివర్లో "మళ్లీ తీస్తే ఏం మారుస్తారు?" అని ఎలాగూ అడుగుతారు. దానికోసం ఒక ఓటమిని అట్టేపెట్టుకోండి. నాది ఇది. చివరి చప్పుడు ఎడమ స్పీకరు నుంచి వచ్చేలా పెట్టాను, బీరువా తెరకి కుడివైపు ఉంది కదా. తర్వాత విడిగా చూసిన ఆరుగురిలో అయిదుగురు హెడ్‌ఫోన్స్‌తోనో రెండు స్పీకర్లతోనో చూశారు, ఉలిక్కిపడ్డారు. ఆరో ఆవిడ ఒకే స్పీకరున్న ఫోన్లో చూసింది. ఆమెకి కుడి, ఎడమ అన్న తేడాయే లేదు, చప్పుడు బీరువాలోంచే వచ్చిందనుకుని "అయితే దయ్యం ఇంకా లోపలే ఉందా?" అంది. అమ్మాయి తల ఎడమవైపుకి ఒక్కసారి తిప్పి ఉంటే ఆ చూపే దిక్కు చెప్పేసేది. ఒక్క షాటు, మూడు సెకన్లు. మా నటి అప్పటికి జుట్టు కత్తిరించేసుకుంది.